పన్నెండు బిళ్ళల నీళ్ళ రంగుల డబ్బా: పద్నాలుగు నెలలు వాడాక

ముందుగా ఒకటి ఒప్పుకోవాలి. ఈ డబ్బా కొన్నప్పుడు నా బుర్ర నిలకడగా లేదు. బీమా ఆఫీసులో పదకొండేళ్ళు క్లెయిముల ఫైళ్ళు చూసి, రాజీనామా ఇచ్చి, నోటీసు పీరియడ్‌లో రోజులు లెక్కపెట్టుకుంటున్నాను. అలాంటప్పుడు ఏ వస్తువు కొన్నా దానికి లేని మహిమలు అంటగడతాం. నేనూ అంటగట్టాను. ఈ రివ్యూ మొదటి నెలలోనే రాసి ఉంటే అయిదుకి అయిదు చుక్కలూ ఇచ్చేసి, కింద రెండు పేరాలు కళ్ళనీళ్ళు పెట్టుకునేదాన్ని. పద్నాలుగు నెలలు ఆగి రాస్తున్నాను. ఇప్పుడు మూడున్నర ఇస్తాను. ఆ మూడున్నరలో కూడా అర చుక్క పాత స్నేహం కొద్దీ.

కంపెనీ పేరు రాయడం లేదు. ఇందులో నేను చెప్పబోయే లోపాలు ఆ ఒక్క కంపెనీవే కావు. విద్యార్థుల కోసమని చేసే రంగులతో వచ్చే పాకెట్ డబ్బాలు చాలావరకు ఇదే అచ్చులో ఉంటాయి. బొమ్మలు వేస్తూ ఊళ్ళు తిరుగుదాం, వాటి మీదే బతుకుదాం అనుకునేవాళ్ళు మొట్టమొదట కొనేది ఇలాంటి డబ్బానే. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. సెలవుల్లో సరదాకి బొమ్మలు వేసుకునేవాళ్ళు ఇంతవరకు చదివి కొనేసుకోవచ్చు. వాళ్ళకి ఇది చాలా మంచి డబ్బా.

రేకు డబ్బా. పైన నల్ల ఎనామెల్, లోపల తెల్ల ఎనామెల్. మూసి ఉంచితే కళ్ళజోడు పెట్టె కంటే కాస్త పొట్టి. లోపల రెండు వరుసల్లో పన్నెండు చిన్న రంగు బిళ్ళలు. వీటిని హాఫ్ పాన్ అంటారు, నేను బిళ్ళ అనే రాస్తాను. మూత తెరిస్తే అదే రంగులు కలుపుకునే పళ్ళెం, అందులో మూడు గుంటలు. అడుగున బొటనవేలు దూర్చుకునే రింగు. డబ్బాతో పాటు పిడిలో నీళ్ళు నింపుకునే బ్రష్షు ఒకటి ఉచితం. ధర అప్పటి నా జీతంలో ఒక రోజుది, అంతే. నోటీసు పీరియడ్‌లో ఒకరోజు లంచ్ టైములో దీన్ని డెస్కు మీద పెట్టి చూసుకుంటుంటే మా మేనేజరు వచ్చి నిలబడ్డారు. "దీంతోనేనా అమ్మా బతుకుదామనుకుంటున్నావు?" అన్నారు. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగారు. ఆయనకి అప్పుడు జవాబు చెప్పలేకపోయాను.

మంచి సంగతులు ముందు చెబుతాను.

తిరుగుతూ పని చేసేవాళ్ళకి బిళ్ళలే సరైనవి. ఆయిల్ రంగులైతే పల్చన చేయడానికి టర్పెంటైన్ లాంటివి కావాలి. అవి మంటలంటుకునే సరుకు, విమానంలో పట్టుకెళ్ళనివ్వరు. ట్యూబుల్లో ఉన్న నీళ్ళ రంగులు కూడా చేతిసంచిలో ఉంటే చాలాచోట్ల ద్రవాల లెక్కలోకి వచ్చేస్తాయి, 100 మిల్లీలీటర్ల నిబంధన, పారదర్శకమైన కవరు, ఆ తతంగమంతా. బిళ్ళ ఎండిపోయిన ముద్ద. ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఒక్కసారి మాత్రం స్కానర్ దగ్గర నా సంచి పక్కకి లాగారు. డబ్బా తెరిచి చూసిన అమ్మాయి "మేకప్పా?" అంది. "రంగులు" అన్నాను. ఆ మాట అనకూడదని తర్వాత తెలిసింది. రంగు అనగానే గోడలకి వేసే పెయింటు గుర్తొస్తుంది కాబోలు, ఇంకో ఆఫీసర్ని పిలిచింది. ఆయన ఒక బిళ్ళ మీద గోటితో గీకి చూసి, వేలికి అంటిన నీలాన్ని ప్యాంటుకి తుడుచుకుని పంపించేశారు. అప్పటి నుంచి "చిన్నపిల్లలు వాడే రంగు బిళ్ళలు" అంటున్నాను. ఎవరూ ఆపలేదు.

ఈ బిళ్ళ అనేది చిన్న ఆలోచనేం కాదు. ఒకప్పుడు నీళ్ళ రంగులు వేసేవాళ్ళు రంగు పొడి నూరుకుని, జిగురు కలుపుకుని, అప్పటికప్పుడు తయారు చేసుకోవాల్సి వచ్చేది. లండన్‌లో రీవ్స్ సోదరులు కలిపి ఆరబెట్టిన రంగు కేకుని తయారు చేస్తే, 1781లో అక్కడి సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ దానికి బహుమతి ఇచ్చింది. ఆ కేకులు గట్టిగా ఉండేవి, అరగదీయాల్సి వచ్చేది. 1835లో విన్సర్ అండ్ న్యూటన్ వాళ్ళు గ్లిజరిన్ కలిపిన మెత్తటి బిళ్ళలు తెచ్చాక, తడి బ్రష్షు ఆనిస్తే చాలు రంగు వచ్చేసింది. ఇంగ్లండ్ చిత్రకారుడు టర్నర్ ప్రయాణాల కోసం ఒక పాత అల్మనాక్, అంటే పంచాంగం లాంటి పుస్తకం, దాని తోలు అట్టకి లోపలి వైపు రంగు కేకులు అంటించుకుని జేబులో పెట్టుకుని తిరిగాడు. నా డబ్బా కంటే అదే తేలిక అయి ఉంటుంది. రేకు లేదు కదా.

రెండో మంచి సంగతి, వేగం. బెంచీ మీద కూర్చున్న నిమిషంలో పని మొదలుపెట్టొచ్చు. వాన పడితే అర నిమిషంలో మూసేయొచ్చు. రైలు ఆగిన పది నిమిషాల్లో ఎదురు ప్లాట్‌ఫారం మీద సామాన్ల మధ్య నిద్రపోతున్న మనుషుల్ని వేసిన బొమ్మ నా స్కెచ్‌బుక్కుల్లో అన్నిటికంటే బాగా వచ్చిన వాటిల్లో ఒకటి. పెద్ద సరంజామా ఉంటే ఆ బొమ్మ ఉండేది కాదు. బొటనవేలి రింగు పుణ్యమా అని నిలబడి కూడా వేయొచ్చు. అంటే, మొదటి ఎనిమిది నెలలు వేయొచ్చు. తర్వాత దాని టంకం ఊడిపోయింది. ఇప్పుడు వెడల్పాటి రబ్బరు బ్యాండు చుట్టి దాని కింద వేలు దూరుస్తున్నాను. నిజానికి అదే నయంగా ఉంది.

ఇక అసలు విషయం. ఈ డబ్బా మన పుస్తకంలో మనం వేసుకునే బొమ్మ కోసం చేసింది. ఇంకొకరి గోడ మీద వేలాడే బొమ్మ కోసం చేసింది కాదు. ఆ రెండిటికీ తేడా ఏమిటో నాకు మూడు చోట్ల తెలిసొచ్చింది.

మొదటిది కలుపుకునే చోటు. నా సంపాదనలో ఎక్కువ భాగం ఇళ్ళ బొమ్మలదే. అమ్మేయబోయే ఇల్లు, కూల్చేయబోయే ఇల్లు, ఎవరో పుట్టి పెరిగిన ఇల్లు, ఇలాంటివి ఎదురుగా కూర్చుని వేసివ్వమంటారు. రెండో నెలలో ఒక పెద్దాయన ఇల్లు వేస్తున్నాను. కొంచెం పెద్ద కాగితం, ఏ త్రీ సైజు. ఇంటి ముందు కరెంటు వైర్లు, కేబుల్ వైర్లు అడ్డదిడ్డంగా ఉన్నాయి. "ఇవి తీసేసి వేస్తానండీ, బొమ్మ శుభ్రంగా ఉంటుంది" అన్నాను. ఆయన కుర్చీలోంచి లేచొచ్చారు. "తీసేయకండి. ఆ కనెక్షన్ కోసం ఎన్నేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగానో మీకేం తెలుసు?" అన్నారు. సరే, వైర్లు ఉంచాను.

ఆకాశం వేయాలి. నీళ్ళ రంగుల్లో ఆకాశం అంటే కావాల్సినంత రంగు ముందే కలిపి పెట్టుకుని, కాగితం ఆరేలోపు ఒక్క ఊపులో పై నుంచి కిందికి దించేయాలి. మూతలో ఉన్న గుంటలో రెండు చెంచాల నీళ్ళు కూడా పట్టవు. సగం ఆకాశానికే రంగు అయిపోయింది. మళ్ళీ కలిపేలోపు, అది ఎండాకాలం, అంచు ఆరిపోయింది. ఆరిన అంచు పక్కన తడి రంగు పెడితే గీత పడుతుంది, ఆ గీత ఇక పోదు. చెమటలు పట్టాయి. కాగితం మార్చి మొదట్నుంచీ వేయడానికి వెలుతురు లేదు. ఆలోచించి ఆ గీత మీదుగానే సన్న బ్రష్షుతో ఒక వైరు గీసేశాను. ఉన్న నాలుగు వైర్ల పక్కన ఇంకోటి. ఎవరికి తెలుస్తుంది?

ఆయన కళ్ళజోడు పెట్టుకుని బొమ్మ చాలాసేపు చూశారు. తర్వాత తలెత్తి ఇంటి వైపు చూశారు. మళ్ళీ బొమ్మ చూశారు. "నాలుగు వైర్లే కదమ్మా. అయిదోది ఎక్కడిది?"

జరిగింది చెప్పేశాను. డబ్బా మూత తెరిచి గుంట కూడా చూపించాను, ఎందుకో తెలీదు, తప్పు దానిమీదకి నెట్టడానికే అయి ఉంటుంది. ఆయన ఆ గుంటలోకి తొంగి చూసి, "అయితే ఇది మీ వైరు అన్నమాట" అని బొమ్మ తీసుకున్నారు. డబ్బులు పూర్తిగా ఇచ్చారు. నేను తిరిగొచ్చే దారిలో ఒక తెల్ల ప్లాస్టిక్ పళ్ళెం కొన్నాను. ఇప్పుడు పెద్ద బొమ్మలకి డబ్బాతో పాటు అదీ సంచిలో ఉంటుంది. అరచేతిలో ఇమిడిపోయే డబ్బా అన్న గొప్ప అక్కడితో సగం తగ్గింది.

రెండో విషయం ఇంతకంటే ఘోరం. ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం కూడా అదే.

పన్నెండు బిళ్ళల్లో ఒకటి ముదురు ఎరుపు, కొంచెం ఊదా జీర ఉన్నది. అందమైన రంగు. పల్చగా వేస్తే కాగితప్పూలకి సరిగ్గా సరిపోతుంది. మూడో నెలలో ఒకావిడకి ఇంటి బొమ్మ వేసిచ్చాను. గేటు మీద కాగితప్పూల తీగ, గోడ సగం దాకా పాకిపోయి ఉంది. ఆవిడకి ఇంటి కంటే ఆ తీగంటేనే ఎక్కువ ప్రేమ. పదో నెలలో ఆవిడ దగ్గర్నుంచి ఫోటో వచ్చింది. కింద ఒకే మాట: "పూలు ఏమైపోయాయండీ?"

గోడ ఉంది, గేటు ఉంది, ఆకులు ఉన్నాయి. పూలు ఉండాల్సిన చోట మురికి నీళ్ళు చిందినట్టు పాలిపోయిన గులాబీ మరకలు.

పదకొండేళ్ళు ఊరందరి క్లెయిములు చూసినదాన్ని, మొదటిసారి నా మీదే క్లెయిము వచ్చింది. ఇలాంటప్పుడు ఏం చేయకూడదో నాకు బాగా తెలుసు, ఎదురు ప్రశ్నలు వేయకూడదు. పాత బొమ్మ నా ఖర్చుతో వెనక్కి తెప్పించుకున్నాను. ఫ్రేమ్ విప్పి, బొమ్మ చుట్టూ ఉన్న మౌంట్ అట్ట ఎత్తి చూస్తే, అట్ట కింద దాగిన సన్నటి అంచులో, గోరంత వెడల్పున, తీగ కొస ఒకటి నేను వేసినప్పటి ఎరుపులోనే ఉంది. దాని పక్కనే, వెలుతురు తగిలినంత మేర, ఏమీ లేదు. గీత గీసినట్టు తేడా. ఆవిడ ఆ బొమ్మని పెద్ద కిటికీకి ఎదురు గోడకి పెట్టుకున్నారట. బాగున్న బొమ్మని వెలుతురున్న చోటే పెట్టుకుంటారు కదా మరి.

అప్పుడు వెళ్ళి బిళ్ళ చుట్టూ వచ్చిన కాగితం వెతికాను. నాకు ఇలాంటి కాగితాలు దాచే అలవాటు ఉంది, ఫైళ్ళ మనిషిని. రంగు పేరు కింద చీమ తలకాయంత అక్షరాల్లో, ఏ రంగు పదార్థం వాడారో చెప్పే ఒక కోడ్: పీఆర్ 83. అంటే అసలు అలిజరిన్ క్రిమ్సన్. మంజిష్ఠ జాతి వేర్లలో ఉండే రంగు పదార్థాన్ని 1868లో జర్మనీలో ప్రయోగశాలలో తయారు చేశారు, దాంతో చేసింది ఇది. చూడ్డానికి బాగుంటుంది, వెలుతురుకి నిలవదు, పల్చగా వేస్తే అసలు నిలవదు. ఇది రహస్యమేం కాదు, రంగుల పని చేసేవాళ్ళకి ఎప్పట్నుంచో తెలుసు. నాకు తెలీదు. వెలుతురుకి ఎంత నిలుస్తుందో చెప్పే అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం తరగతులు ఉన్నాయని, అందులో ఒకటి, రెండు తరగతుల రంగులే అమ్మే బొమ్మలకి వాడాలని అప్పుడే చదివాను. పేరు ఎలాగైనా పెట్టుకోవచ్చు, ఒకే పేరుతో రెండు కంపెనీలు రెండు వేరు వేరు పదార్థాలు అమ్మొచ్చు. కోడ్ మాత్రమే అసలు సంగతి చెబుతుంది.

నేను ప్రతి బొమ్మకీ ఏ రంగులు వాడానో నోటు పుస్తకంలో రాసుకుంటాను. వెతికితే ఆ ఎరుపు పల్చగా పడినవి తొమ్మిది బొమ్మలు తేలాయి. తొమ్మిది మందికీ రాశాను. ముగ్గురు పరవాలేదన్నారు, ఒకరు జవాబివ్వలేదు, అయిదుగురికి మళ్ళీ వేసిచ్చాను. ఆ నెల సంపాదన సున్నా అని ఆ పుస్తకంలోనే ఉంది.

ఇప్పుడు ఆ గుంటలో పీవీ 19 ఉంది, క్వినాక్రిడోన్ రోజ్ అంటారు. ఏ రంగైనా కొత్తగా తెచ్చుకుంటే ఒక కాగితం పట్టీ మీద పల్చగా పూసి, సగం మందపాటి అట్టతో కప్పి, ఎండ పడే కిటికీకి అంటించి మూడు నెలలు వదిలేస్తున్నాను. మా అక్క ఇంటి కిటికీ అద్దం మీద ఇప్పుడు పదహారు పట్టీలు ఉన్నాయి. "ఇల్లు జ్యోతిష్యుడి దుకాణంలా ఉందే" అంటుంది. తీయదు మాత్రం.

మూడోది బూజు. బిళ్ళలో రంగు పొడిని పట్టి ఉంచేది గమ్ అరబిక్, అంటే తుమ్మ జాతి చెట్టు జిగురు. మెత్తగా ఉండటానికి గ్లిజరిన్, కొందరైతే తేనె కలుపుతారు. బూజుకి ఇంతకంటే విందు ఏముంటుంది? వానాకాలంలో తడి డబ్బాని మూసి, సంచిలో పడేసి, నాలుగు రోజుల తర్వాత తెరిస్తే పసుపు బిళ్ళ మీద తెల్లటి నూగు. పైపొర గీకేసి, స్పిరిట్ దూదితో తుడిచి, ఎండబెట్టాక బాగయింది. తప్పు డబ్బాది కాదు, నాది. కానీ మూత ఇంత బిగువుగా ఉన్నప్పుడు గాలి ఆడటానికి ఒక్క చిల్లు పెడితే ఏం పోయేది? ఇప్పుడు రాత్రిపూట ఎక్కడ దిగినా మొదట చేసే పని డబ్బా తెరిచి బల్ల మీద పెట్టడం. కీలు చీల కూడా ఇలా తెరిచీ మూసీ వదులై పక్కకి జారుతోంది. దాన్ని లోపలికి నొక్కుకుంటూ నెట్టుకొస్తున్నాను.

ఉచితంగా వచ్చిన నీళ్ళ బ్రష్షు గురించి ఎక్కువ చెప్పను. రైల్లో, బస్సులో, గిన్నె పెట్టుకునే చోటు లేనప్పుడు పనికొస్తుంది. మిగతా అప్పుడు నీళ్ళు కారుతూనే ఉంటాయి, ఏ రంగూ చిక్కగా పడదు. ఎనిమిదో నంబరు గుండ్రటి సింథటిక్ బ్రష్షు ఒకటి, మొన తేలేది, విడిగా కొనుక్కోండి. కొలిన్‌స్కీ అనే జంతువు వెంట్రుకలది మొదట్లోనే అక్కర్లేదు.

ఇప్పుడు లెక్క. పద్నాలుగు నెలలు, నలభై ఏడు ఇళ్ళు, నిండిన స్కెచ్‌బుక్కులు అయిదు. ముదురు నీలం, అంటే అల్ట్రామెరీన్, నాలుగుసార్లు నింపాను. బర్న్ట్ సియెన్నా, అంటే ఎర్రమట్టి లాంటి గోధుమ రంగు, మూడుసార్లు. ఈ రెండూ కలిపితే వచ్చే బూడిద రంగులతోనే నా నీడలు, రోడ్లు, వాన మబ్బులు అన్నీ. ఎల్లో ఓకర్, అంటే మట్టి పసుపు, రెండుసార్లు. ఆకుపచ్చ మొదటి బిళ్ళే ఇంకా అవలేదు, ఎందుకంటే చెట్లకి పసుపు, నీలం కలుపుకోవడమే బాగుంది. నిమ్మ పసుపు సగం. తెలుపు బిళ్ళ, సున్నా. నీళ్ళ రంగుల్లో తెలుపంటే వదిలేసిన కాగితమే. ఆ బిళ్ళ ఇందులో ఎందుకు పెడతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. రెండో నెలలోనే పీకేసి ఆ చోటులో ఇంకో నీలం పెట్టాను.

ఆ ముదురు నీలాన్ని అన్నిసార్లు నింపుతున్నా నాకు నొప్పి తెలియడం లేదంటే 1820లలో ఫ్రాన్సులో దాన్ని కృత్రిమంగా చేయడం కనిపెట్టినవాళ్ళ పుణ్యం. అంతకు ముందు అది అఫ్గానిస్థాన్ కొండల్లో దొరికే లాపిస్ లాజులి రాయిని పొడి చేసి తీసేది. అప్పట్లో అయితే నా వాన మబ్బులు ఎవరూ కొనుక్కోలేకపోయేవారు.

నింపడం అంటే బిళ్ళ కొత్తది కొనడం కాదు. 5 మిల్లీలీటర్ల ట్యూబు తెచ్చి ఖాళీ గుంటలో పిండుకోవడమే. ఒక ట్యూబుకి రెండు బిళ్ళలు నిండి కాస్త మిగులుతుంది. ఒకేసారి నిండా పిండితే ఆరాక పగిలి, నడుస్తున్నప్పుడు సంచిలో గులకరాళ్ళలా గలగలలాడుతుంది, నాకు జరిగింది. సగం పిండి, రెండు రోజులు ఆరనిచ్చి, మళ్ళీ పిండాలి. ఇలా నింపుకోవడం మొదలయ్యాక విద్యార్థుల రకం రంగు ఒక్కొక్కటే పోయి ఆర్టిస్టుల రకం వచ్చేసింది. ఇప్పుడు డబ్బాలో కంపెనీ ఇచ్చిన రంగులు కొన్నే మిగిలాయి. కాబట్టి నేను రివ్యూ రాస్తున్నది నిజానికి ఒక రేకు పెట్టె గురించి. కాగితం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను: అమ్మే బొమ్మలకి చదరపు మీటరు 300 గ్రాములు తూగేది, అంటే 300 జీఎస్‌ఎం, పూర్తి నూలుది. ఆ ఒక్కదాంట్లో మొదట్నుంచీ లోభించలేదు.

చాలామంది అడిగేది డబ్బా గురించి కాదని నాకు తెలుసు. "ఉద్యోగం మానేయొచ్చా?" అని అడగడానికి మొహమాటపడి "ఏ డబ్బా వాడుతున్నారు?" అని అడుగుతారు. నేనూ అలాగే ఒకరిని అడిగాను.

ఉద్యోగం మానేస్తానంటే ఎవరో ఒకరు రష్యా చిత్రకారుడు కాండిన్‌స్కీ పేరు తెస్తారు. 1896లో, ముప్పై ఏళ్ళప్పుడు, లా పాఠాలు చెప్పే ఉద్యోగం కాదనుకుని మ్యూనిక్ వెళ్ళి బొమ్మలు నేర్చుకున్నాడని. ఫ్రెంచి చిత్రకారుడు గోగాఁ పేరు కూడా తెస్తారు. షేర్ల కంపెనీలో పని చేసేవాడు, 1882లో పారిస్ స్టాక్ మార్కెట్ కూలాక మరుసటి ఏడాది పూర్తిగా బొమ్మల్లోకి దిగిపోయాడు, తర్వాత తాహితీ దీవి దాకా వెళ్ళాడు. ఆయన భార్య మెట్ అయిదుగురు పిల్లలతో కోపెన్‌హాగెన్‌లో ఉండి ఫ్రెంచి పాఠాలు చెప్పి ఇల్లు నడిపిందని మాత్రం ఎవరూ చెప్పరు. నాకు ఆవిడ కథే ఎక్కువ పనికొచ్చింది. డబ్బా కొనకముందే పది నెలల ఖర్చు విడిగా తీసి పెట్టాను, తొమ్మిది నెలలకి అది సగమయింది, ఆ కాగితప్పూల నెలలో ఇంకా కిందికి పోయింది. ఇప్పటికీ నెలకి అయిదు రోజులు పాత ఆఫీసు ఫైళ్ళు ఇంటి నుంచో, దిగిన గది నుంచో చూస్తున్నాను. మా మేనేజరే అడిగారు, నేనే ఒప్పుకున్నాను. ఇది తెలిస్తే కొందరికి నిరాశగా ఉంటుంది, "అయితే పూర్తిగా మానలేదా?" అంటారు. పూర్తిగా మానలేదు. ఆ అయిదు రోజుల డబ్బుతోనే పీవీ 19, నూలు కాగితం వచ్చాయి. టెన్షన్‌తో వేసిన ఆకాశం చూస్తే తెలిసిపోతుంది, అందులో కచ్చితంగా ఒక గీత ఉంటుంది.

ఇంకొకటి, వేరే దేశాలు తిరుగుతూ బొమ్మలు అమ్ముకుందాం అనుకునేవాళ్ళకి: చాలాచోట్ల టూరిస్టు వీసా మీద డబ్బులు తీసుకుని పని చేయడం కుదరదు. ఆ ప్రయాణాల్లో నాది స్కెచ్‌బుక్కు వరకే. ఇళ్ళ బొమ్మలకి తిరిగొచ్చాకే బేరం.

ఇక కొనాలా వద్దా. పుస్తకంలో మీ కోసం వేసుకునేవాళ్ళయితే ఇలా రంగులతో నిండి వచ్చే డబ్బానే కొనండి, హాయిగా రెండేళ్ళు వస్తుంది. బొమ్మలు అమ్మేవాళ్ళు, అమ్మబోయేవాళ్ళు మాత్రం ఖాళీ రేకు పెట్టె కొనుక్కుని, కోడ్‌లు చూసుకుంటూ ఆరో ఏడో మంచి రంగులతో నింపుకోండి. నాకు ఏడుతో గడిచిపోతోంది, మిగతా గుంటల్లో రబ్బరు ముక్క, దూది పెట్టుకున్నాను. ఈ డబ్బా మార్చే ఉద్దేశం మాత్రం లేదు. రింగు ఊడినా, కీలు జారినా, మూత లోపల ఎనామెల్ మీద ఆ పెద్దాయన ఆకాశం తాలూకు నీలం మరక ఎంత తోమినా పోకపోయినా.

తెల్ల బిళ్ళ ఎవరికైనా కావాలంటే చెప్పండి. కాగితం కూడా విప్పలేదు.